మసి పట్టని పొయ్యి

మా కొత్త ఇంటి హాల్లో టీవీ వచ్చే గోడకు ఏం చెయ్యాలన్న దాని మీద పదిహేను రోజులుగా ఇంట్లో చర్చ నడుస్తోంది. కరీంనగర్‌లో ఇంటీరియర్ పనులు చేసే ఒకతను ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి బొమ్మలు చూపించి పోతుంటాడు. మొన్న ఆదివారం మా కోడలికి ఒకటి తెగ నచ్చింది. గోడ నిండా బూడిద రంగు రాయి, మధ్యలో ఫైర్‌ప్లేస్, దాని మీద అడ్డంగా చెక్క పలక, పలక మీద గడియారం, రెండు పూలకుండీలు. మే నెల, కూలర్ ముందు కూర్చుని చెమట తుడుచుకుంటూ అందరం ఆ బొమ్మ చూస్తున్నాం.

"మంట ఎట్ల పెడ్తరు ఇండ్ల?" అని అడిగాను.

"నిజం మంట కాదు అంకుల్. ఎల్‌ఈడీ. చూస్తే మంట లెక్కనే ఉంటది. వేడి ఉండదు, పొగ ఉండదు. మసి అసలే పట్టదు" అన్నాడతను, అదేదో వరమిస్తున్నట్టు.

కోడలు నా వైపు తిరిగి, "మామయ్యా, మీరు మస్కట్‌ల పెద్ద పెద్ద విల్లాలకు పని చేసినోళ్లు గద. మీరే చెప్పండి, ఈ గోడకు ఏం బాగుంటది?" అంది. నేను లేచి బయటికి వెళ్లి నిలబడ్డాను. పాపం, బీపీ మాత్ర వేసుకోలేదేమోనని ఆ అమ్మాయి నీళ్ల గ్లాసు పట్టుకుని వెనకాలే వచ్చింది. మాత్ర పొద్దున్నే వేసుకున్నాను. మసి పట్టదన్న మాట వినగానే నా కళ్ల ముందు ఒక వేలు కనిపించింది, అంతే.

ఆ వేలు ఎవరిదో పేరు చెప్పను. లేబర్ క్యాంపులో అందరూ ఆయన్ని మేస్త్రి అనే పిలిచేవాళ్లు, నేను అన్న అనేవాణ్ణి. జగిత్యాల వైపు మనిషి, నాకన్నా పన్నెండేళ్లు పెద్ద. ఎనభైల చివర్నుంచి ఒమన్‌లో ఒకే కంపెనీలో పని చేశాం. ఆయన రాయి కట్టేవాడు, ప్లాస్టర్ చేసేవాడు. నేను లప్పం పెట్టి రంగులు వేసేవాణ్ణి. ఆయన పని అయిపోయిన చోట నా పని మొదలవుతుంది కాబట్టి ఏ సైట్‌కైనా ఆయన ముందు, నేను వెనక. అల్ అమెరాత్‌లో గుట్టల పక్కన మా రూమ్. రెండంతస్తుల ఇనుప మంచంలో కింద ఆయన, పైన నేను.

గోడ పూర్తయ్యాక ఆయన రసమట్టం పెట్టి చూసేవాడు, తూకం గుండు వేసి చూసేవాడు. అంతా సరిగ్గా ఉందని తెలిశాక కూడా కుడిచేతి చూపుడువేలితో గోడ మీద జానెడు దూరం గీసి, ఆ వేలికొసను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూసేవాడు. ఇసుక రాలితే పెదవి విరిచేవాడు. ఏమీ అంటకపోతే "అయ్యింది" అనేవాడు. ఆయన అయ్యిందనేదాకా నేను బ్రష్ తడిపేవాణ్ణి కాదు. ఇది గోడలతో ఆగితే బాగుండేది. బస్సు కిటికీ, హోటల్ బల్ల, ఆస్పత్రి మంచం పట్టె, ఏది కనిపించినా ఒక గీత గీసి వేలు చూసుకునేవాడు. ఒకసారి జీతం సంతకానికి పోయినప్పుడు క్యాంప్ బాస్ టేబుల్ మీద గీసి చూశాడు. తన ముందే తన టేబుల్ దుమ్ము బయటపడేసరికి ఆ పెద్దమనిషికి మండిపోయింది. వారం రోజులు మేస్త్రిని ఎండలో పనికి పంపాడు.

ఇంకో చాదస్తం పొయ్యిది. మా రూమ్‌లో గ్యాస్ స్టవ్ ఉండేది. వంట అయిపోగానే మిగతావాళ్లం గిన్నె దించేసి పోతే, ఆయన ఒక చెంబుతో నీళ్లు తెచ్చి స్టవ్ మీద పెట్టేవాడు. "ఉట్టి పొయ్యి చూడబుద్ధి కాదు" అనేవాడు. మేం కావాలని చెంబు దించి దాచేవాళ్లం. ఆయన తిట్టకుండా, వెతకకుండా, ఇంకో గిన్నెలో నీళ్లు పోసి పెట్టేవాడు. చివరికి దాచడం మాకే విసుగు పుట్టి మానేశాం.

ఆయనకు చదువు రాదు. శుక్రవారం సెలవు రోజు అన్నం తిన్నాక ఆయన చెప్తుంటే ఇంటికి ఉత్తరం నేను రాసేవాణ్ణి. ఒమన్ వచ్చే ముందు భార్యకు ఆయన స్వయంగా కొత్త పొయ్యి కట్టి వచ్చాడట. రెండు గిన్నెలు ఒకేసారి పట్టే పొయ్యి, పొగ కళ్లల్లోకి రాకుండా వెనక గోడలోకి దారి పెట్టి, పైన ఎర్రటి జాజు పూసి, సున్నం బొట్లు పెట్టి. ప్రతి ఉత్తరంలో వర్షాలు, బర్రె, పిల్లల చదువు అన్నీ అయ్యాక చివర్న "పొయ్యి మంచిగ మండుతున్నదా?" అని రాయించేవాడు.

"పొయ్యి సంగతి సరేగని, వదిన ఎట్లున్నదో అడుగవా అన్నా?" అనేవాణ్ణి నేను ఆటపట్టిస్తూ.

"అడిగిన గద!" అనేవాడు ఆశ్చర్యంగా.

వాళ్ల ఊరి బడిపంతులు చేత ఆమె రాయించిన జవాబు నెల తిరక్కుండా వచ్చేది. అందులోనూ చివరి మాట అదే. పొయ్యి మంచిగ మండుతున్నది, మీరు ఎండలో జాగ్రత్త. ఆ ముక్కను నా చేత రెండుసార్లు చదివించుకుని, కవరును పెట్టెలో అడుగున పెట్టుకునేవాడు. ఆయన ముఖంలో అప్పుడు కనిపించే తృప్తి చూస్తే నాకు కొంచెం అసూయగా ఉండేది. నాకు ఇంకా పెళ్లి కాలేదు.

ఖురుమ్ దగ్గర కొండ మీద ఒక విల్లా పని మా కంపెనీకి వచ్చింది. ఇంటి యజమాని, మా క్యాంపు భాషలో అర్బాబ్, చాలా ఏళ్లు చలిదేశంలో చదువుకుని వచ్చినవాడు. మంచివాడే. ఆయన ఒక రోజు మందపాటి ఇంగ్లీషు పత్రికలోంచి ఒక పేజీ చింపి తెచ్చి, హాల్లో పడమటి గోడ మొత్తం ఇలాగే కావాలన్నాడు. బొమ్మలో రాతి గోడ, మధ్యలో పెద్ద పొయ్యి, అందులో మంట, ముందర కుక్క పడుకుని ఉంది. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ. ఇది ఎండాకాలంలో కట్టి చలికాలంలో కూడా పనికిరాని వస్తువని నాకు నవ్వొచ్చింది. మేస్త్రి మాత్రం నవ్వలేదు, పేజీని చేతిలోకి తీసుకుని మంట మీద వేలు పెట్టి చూశాడు.

ఫోర్‌మన్ కడప జిల్లా ముస్లిం. ఇంట్లో దక్కనీ మాట్లాడినా మాతో తెలుగే మాట్లాడేవాడు. "మంట లేదప్పా, ఊరికే షోకు" అన్నాడు. "లోపల ప్లాస్టిక్ కట్టెలు పెడ్తారు, కింద ఎర్ర బల్బు. అంతే."

"పొగ యాడికెల్లి పోవాలె మల్ల?"

"పొగే రాదు గదప్పా! పైన బొక్క పెడితే ఏసీ గాలంతా బయటికి పోతాది. మూసేయ్."

"పొయ్యి కట్టి మంట పెట్టరా?"

"దాన్ని పొయ్యి అనుకోవాకు మేస్త్రీ. గోడనుకో. పని తొందరగా అయితాది."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "గోడ అయితే గోడనే కడ్త భాయ్. పొయ్యి లెక్క కనవడాల్నంటే పొయ్యి అనుకోనే కట్టాలె. లేకుంటే చెయ్యి తిరగది" అన్నాడు. ఫోర్‌మన్ నా వైపు చూసి కన్ను కొట్టాడు. నేనూ ఆయనతో కలిసి నవ్వాను. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, నన్ను మించిన తెలివైనవాడు క్యాంపులో లేడనుకునేవాణ్ణి.

కానీ ఆ గోడ ఆయన కట్టిన తీరు నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. బజారు రాయి వద్దని చెప్పి, మా క్యాంపు పక్క ఎండిన వాగులోంచి రాళ్లు ఏరుకొచ్చాడు. కొన్ని పచ్చగా, కొన్ని కాలేయం రంగులో ఉండేవి. వాటిని బ్రష్‌తో కడిగి, హాలు నేల మీద గోడ ఆకారంలో పరిచి, రెండు రోజులు ఇటువి అటూ అటువి ఇటూ మారుస్తూ కూర్చున్నాడు. ఫోర్‌మన్ అరుస్తుండగానే అర్బాబ్ వచ్చాడు. చూసి, తెల్లటి దిష్‌దాషా అంగీ పైకి మడుచుకుని తనూ నేల మీద కూర్చుని రాళ్లు మార్చడం మొదలుపెట్టాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఒక రాయి సరిగ్గా కుదిరినప్పుడు ఇద్దరూ కలిసి తల ఊపుతున్నారు.

పొయ్యి పైన పలక మీద ఏం పెట్టాలన్నది ఇంకో పెద్ద చర్చ. అర్బాబ్ భార్యకు ఇత్తడి కాఫీ కూజాలు వరసగా పెట్టాలని, ఆయనకు తాతగారి కత్తి అద్దంలో బిగించి పెట్టాలని. ఫోర్‌మన్ గడియారం అన్నాడు. నేను అద్దం అన్నాను, గది పెద్దగా కనిపిస్తుందని. మేస్త్రిని ఎవరూ అడగలేదు. నాకు మాత్రం చెప్పాడు. "మా ఇంట్ల పొయ్యి మీది గూట్ల ఉప్పు కుండ, చింతపండు డబ్బ, అగ్గిపెట్టె. ఇంకేం గావాలె?" అడగకుండానే ఆయన పొయ్యికి ఎడమపక్క, బొమ్మలో లేని చిన్న గూడు ఒకటి వదిలాడు. సరిగ్గా అగ్గిపెట్టె పట్టేంత. రాళ్లు అంటించే ముందు వెనక గోడకు సున్నంతో అయిదు బొట్లు కూడా పెట్టాడు. తెల్లారేసరికి వాటి మీద సిమెంటు మాలు పడింది. ఆ బొట్లు అక్కడున్న సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

మాలు ఇంకా ఆరకముందే ఆయన్ని దూరంగా ఉన్న బురైమి సైట్‌కు మార్చారు. శనివారం అక్కడ డ్యూటీలో ఉండాలి. శుక్రవారం పొద్దున నన్ను వెంటబెట్టుకుని మత్రా సూక్ బజారుకు తీసుకుపోయాడు. ఒక గుజరాతీ సేటు దుకాణంలో కర్పూరం పొట్లం, అగ్గిపెట్టె కొని, ఓడరేవు గోడ మీద కూర్చున్నాక రెండూ నా చేతిలో పెట్టాడు.

"పచ్చి పొయ్యిల మంట పెట్టద్దు తమ్మీ. ఇంకో పది దినాలకు ఆరుతది. నీ రంగు పని అయినంక, వాళ్లు బల్బు పెట్టక ముందు, లోపల నాలుగు బిళ్లలు పెట్టి ఎలిగియ్యి. అది ఆరేదాక అక్కడ్నే నిలవడు. అంతే పని."

"వాళ్ల ఇల్లు, వాళ్ల పొయ్యి. నీకెందుకన్నా?"

"కట్టింది నేను గద. మండని పొయ్యి కడితే కట్టినోని ఇంట్ల పొయ్యి ఆరుతదంటరు. మా నాయిన ఎవల ఇంట్ల కట్టినా మంట చూడకుంట గడప దాటకపోతుండె." సముద్రం వైపు చూస్తూ అన్నాడు, నవ్వలేదు. "ఇంటికాడ అది ఒక్కతే ఉంటది తమ్మీ. ఒట్టేనా?"

"ఒట్టు అన్నా" అన్నాను.

మా వైపు ఇంట్లో మనిషి పోతే పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లు వండి తెస్తారు. ఆరిన పొయ్యి అంటే ఆయన మనసులో ఉన్నదేమిటో నాకు తెలుసు. తెలిసే ఒట్టు వేశాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను నేను వెనకేసుకు రాకుండా.

పది రోజులు గడిచాయి. పొయ్యి లోపలి గోడలకు నేను మూడు చేతులు రంగు వేశాను. గుడ్డు పెంకు తెలుపు. మూలల్లో బ్రష్ గీతలు కనపడకుండా చిన్న స్పాంజితో అద్ది అద్ది తీశాను. నా జీవితంలో అంత శుభ్రమైన పని అంతకు ముందు చెయ్యలేదు. జేబులో కర్పూరం ఉంది. హాల్లో నేనొక్కణ్ణే ఉన్నాను. ఎలక్ట్రీషియన్ ఇంకో గంటకు బల్బు బిగించడానికి వస్తాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాను కూడా.

కర్పూరం మసి ఎట్లా పడుతుందో అందరికీ తెలుసు. పొయ్యికి కప్పులా పెట్టిన పైరాయి అడుగుకు రంగు లేదు, అది వట్టి రాయే. కానీ పొగ అక్కడితో ఆగుతుందా? పక్కలకు పాకుతుంది. మర్నాడు అర్బాబ్ భార్య చూడ్డానికి వస్తుంది. మళ్లీ తుడవాలి, మళ్లీ లప్పం, మళ్లీ రంగు. నా తెల్లరంగు మీద నల్లటి మరక ఊహించుకుంటేనే ప్రాణం ఒప్పలేదు. నమ్మకాల కోసం పని పాడుచేసుకుంటారా ఎవరైనా అని గట్టిగా అనుకుని లేచాను. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లాస్టిక్ కట్టెలు సర్ది బల్బు వేశాడు. అర్బాబ్ భార్యకు నా పని బాగా నచ్చిందని ఫోర్‌మన్ చెప్పాడు. నిజం చెప్తున్నాను, ఆ సాయంత్రం చాలా సంతోషంగా ఉన్నాను.

ఇంకో మూడు వారాలకు సామాను దింపి రమ్మని నన్నూ బురైమి పంపారు. రంగు డబ్బాలతో పాటు పికప్‌లో పోతుంటే క్యాంప్ ఆఫీసులో మేస్త్రి పేర వచ్చిన ఉత్తరం నా చేతికిచ్చారు. మధ్యాహ్నం అన్నం వేళకు చేరాను. సగం కట్టిన గోడ నీడలో కూర్చున్నవాడు నన్ను చూడగానే లేచి వచ్చాడు. బాగున్నావా అని కూడా అడగలేదు.

"ఎలిగించినవా?"

"ఆఁ, ఎలిగించిన. భగ్గుమన్నది."

"మసి పట్టిందా?"

"మీది రాయి అడుగుకు నల్లగ పట్టింది. ఎవలకు కనవడది" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం. ఆయన ముఖం విప్పారింది. నా భుజం తట్టి, తన టిఫిన్‌లోంచి మామిడికాయ ముక్క తీసి నా రొట్టె మీద పెట్టాడు.

తిన్నాక ఉత్తరం తీశాను. వాళ్ల ఊరి ఉత్తరాల మీద ఎప్పుడూ పైన మధ్యలో 'క్షేమం' అని ఉండేది. దీని మీద లేదు. చేతిరాత పంతులుది కాదు, మేస్త్రి తమ్ముడిది. మొదటి రెండు వరసలు కళ్లతో చదివి ఆగిపోయాను.

"చదువు తమ్మీ" అన్నాడు.

చదివాను. వదినకు అయిదు రోజులు జ్వరం వచ్చింది, తగ్గిందనుకున్నాం, అమావాస్య నాడు పొద్దున పోయింది, పదో రోజు కూడా అయిపోయింది, పిల్లలు మా దగ్గర ఉన్నారు, నువ్వు రంది పెట్టుకోకు. అన్నీ వరసగా చదివాను. అమావాస్య అంటే నేను విల్లా పని ముగించిన నాలుగో రోజు. నేనే లెక్క వేసుకున్నాను. ఆయన కూడా వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టుకుంటున్నాడు. పెట్టుకున్నాక మళ్లీ తాపీ పట్టుకుని గోడ దగ్గరికి పోయాడు. డ్యూటీ అయ్యేదాకా కట్టాడు. ఎవరు ఏం చెప్పినా వినలేదు.

ఆ పూట అక్కడి రూమ్‌లో స్టవ్ వెలిగించలేదు. ఎవరూ చెప్పలేదు, మా అంతట మేమే వెలిగించలేదు. పక్క రూమ్ పఠాన్లు విషయం తెలుసుకుని రొట్టెలు, పప్పు తెచ్చిపెట్టారు. మేస్త్రి రొట్టె తుంచి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. స్టవ్ మీద చెంబు లేదు. అంత ఉట్టిగా ఉన్న స్టవ్‌ను ఆయనతో ఉన్న ఇన్నేళ్లలో నేను చూడలేదు.

మర్నాడు నేను తిరుగు ప్రయాణమవుతుంటే పికప్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"నిజంగనే ఎలిగించినవ్ గద తమ్మీ?"

నిన్నటి అబద్ధం వేరు, ఇది వేరు. లేదంటే ఆ మనిషి తన చేతులతోనే భార్యను చంపుకున్నానని అనుకుంటాడు. ఎలిగించానంటే నా ఒట్టు నా దగ్గరే కుళ్లుతుంది. అది కూడా నేను అప్పుడు అంత స్పష్టంగా ఆలోచించలేదు. భయపడ్డాను, అంతే.

"నిజంగనే ఎలిగించిన అన్నా."

"అయితే దాంతోని కాలేదు" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఉత్తరం విన్నాక అదే మొదటిసారి ఏడవడం. పికప్ డ్రైవర్ హారన్ కొట్టకుండా ఇంజన్ ఆపేసి కూర్చున్నాడు.

ఆయన ఇంటికి పోలేదు. పదో రోజు కూడా దాటాక ఎవరిని చూడ్డానికి పోవాలన్నాడు. బురైమి పని అయ్యి మా రూమ్‌కు తిరిగొచ్చాక నాతో ఉత్తరాలు రాయించడం మానలేదు. తమ్ముడికి, పిల్లలకు చెప్పేవాడు, చివర్న ఏదో అడగబోయి ఆగిపోయేవాడు. "అంతే, నా పేరు రాయి" అనేవాడు. నేను కలం ఎత్తకుండా కొంచెంసేపు ఆగేవాణ్ణి. ఆ ఖాళీ జాగా నన్ను ఎంత బాధపెట్టేదో చెప్పలేను. ఒకసారి పెట్టె సర్దుతుంటే మత్రాలో కొన్న కర్పూరం పొట్లం దొరికింది. ముడి విప్పనే లేదు. లోపల ఏమీ లేదు, వట్టి కాగితం. గాలికి అంతా హరించుకుపోయింది. వాసన మాత్రం బట్టలన్నిటికీ పట్టింది, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. ఆ చొక్కాలు వేసుకుని ఆయన పక్కన కూర్చోవాలంటే భయమేసి, రెండు చొక్కాలు పారేశాను.

మూడేళ్ల తర్వాత ఖురుమ్ విల్లా నుంచి కబురొచ్చింది. రాతి గోడలో ఒక రాయి వదులైంది, కట్టినవాడినే పంపమన్నారట. మేస్త్రితో పాటు రంగు పూయడానికి నన్నూ పంపారు. పొద్దున పది గంటల వేళ.

గోడ ఎంత అందంగా ఉందో. పలక మీద ఇత్తడి కూజాలు పెద్ద నుంచి చిన్న దాకా వరసగా ఉన్నాయి. పైన అద్దంలో తాతగారి కత్తి. మేస్త్రి వదిలిన చిన్న గూట్లో ఎవరో సాంబ్రాణి ధూపం వేసే బుల్లి పాత్ర పెట్టారు. పొయ్యిలో ప్లాస్టిక్ కట్టెల కింద ఎర్ర బల్బు వెలుగుతోంది. పగలే కాబట్టి అది వెలుగుతున్నట్టు కూడా సరిగా తెలియడం లేదు.

ఆయన వదులైన రాయి తీసి శుభ్రం చేశాడు, మాలు కలిపి మళ్లీ కూర్చోబెట్టాడు. అరగంట పని. అయిపోయిందనుకుని నేను రంగు డబ్బా మూత తీశాను. అప్పుడాయన స్విచ్ ఆపి, ప్లాస్టిక్ కట్టెలు ఒక్కొక్కటే తీసి గుడ్డ మీద పెట్టాడు. మోకాళ్ల మీద కూర్చుని, పొయ్యిలోకి భుజం దాకా చెయ్యి పెట్టాడు. పైరాయి అడుగున ఆ చివర నుంచి ఈ చివర దాకా వేలితో గీశాడు. నిదానంగా. నా చేతిలో బ్రష్ ఉంది, రంగు చుక్కలు చుక్కలుగా నా చెప్పు మీద పడుతోంది.

చెయ్యి బయటికి తీసి వేలికొసను ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూశాడు. తెల్లగా ఉంది. దుమ్ము కూడా లేదు. చాలాసేపు చూశాడు. నేను నోరు తెరిచాను. అన్నా, నేను ఆ రోజు... అని మొదలుపెట్టాలనే తెరిచాను. ఆయన నా వైపు తిరగలేదు. ఆ వేలిని ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఒకసారి తుడిచి, మళ్లీ చూసి, పోలేదన్నట్టు ఇంకోసారి గట్టిగా తుడిచాడు.

"మసి గట్టిగ పట్టింది తమ్మీ" అన్నాడు. "పోతలేదు."

తర్వాత కట్టెలు ఎక్కడివక్కడ సర్ది, స్విచ్ వేసి, "అయ్యింది" అన్నాడు. తిరుగు దారిలో ఒక నారింజ ఒలిచి సగం నాకిచ్చాడు. నేను తిన్నాను. ఏం చెయ్యాలో తెలియక తిన్నాను.

ఆ తర్వాత ఇంకో నాలుగేళ్లు ఒకే రూమ్‌లో ఉన్నాం. ఒక్క మాట అనలేదు, ఒక్క చూపు తేడాగా చూడలేదు. తిడితే బాగుండేది. తొంభైల చివర్లో ఆయన వీసా క్యాన్సిల్ చేసుకుని పోతుంటే నేను సీబ్ ఎయిర్‌పోర్టు దాకా పోయి సామాను మోశాను. కిందటేడు ఆయన పోయాడని ఎవరో చెప్పారు. వాళ్ల ఊరు మా ఇంటికి గంటన్నర దారి. బస్సులో ఆ ఊరి పక్క నుంచి ఎన్నిసార్లు పోయానో, దిగలేదు.

కోడలు మళ్లీ అడిగినప్పుడు, "నిజం మంట పెట్టగలిగితే పెట్టండి. లేకుంటే వట్టి గోడ ఉంచండి" అన్నాను. ముసలివాడి చాదస్తం అనుకున్నారు. అనుకోరా మరి, ఎందుకో నేను చెప్పలేదు కదా. పిల్లల ముచ్చట పిల్లలది. పని పూర్తయింది. రాయి బాగా కట్టారు, పలక మీద గడియారం పెట్టారు. చుట్టాలందరూ మెచ్చుకుంటున్నారు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ మంట నా ఎదురుగా ఊగుతోంది.

రోజూ ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాని ముందు వంగి, పైరాయి అడుగున వేలితో గీసి చూసుకుంటాను. తెల్లగానే వస్తుంది. పంచెకు తుడుచుకుంటాను, మళ్లీ చూసుకుని మళ్లీ తుడుచుకుంటాను.